సున్నా మార్కుల కౌంటరు

ఆసుపత్రి మందుల కౌంటర్లో కంప్యూటర్ ఉండటం రోగులకు మహా వరం. కాదనేవాళ్లు నాతో వాదనకు రావచ్చు. కాకపోతే ముందు టోకెన్ తీసుకోవాలి.

పూర్వం ఏముండేది? చీటీ ఇస్తే ఫార్మసిస్టు వెనక్కి తిరిగి అలమరలో చూసి, మందు ఉంటే ఇచ్చేవాడు, లేకపోతే లేదనేవాడు. కళ్లను నమ్ముకున్న మొరటు కాలమది! ఇప్పుడు అలమర వంక ఎవరు చూస్తారు? తెర ఉందంటే ఉన్నట్టు. లేదంటే కళ్లెదుట ఉన్నా లేనట్టే. వేదాంతులు తరాల తరబడి తలలు బద్దలు కొట్టుకున్న సంగతిని మా ఆసుపత్రివాళ్లు చిటికెలో తేల్చేశారు.

మొన్నామధ్య మా అక్కను తీసుకెళ్లాను. ఆవిడకు ఉబ్బసం. డాక్టరు ఇన్‌హేలర్ రాసి, కింద మందుల కౌంటర్లో తీసుకుని వెంటనే పీల్చమన్నాడు. అక్క కౌంటరు ఎదుట బెంచీ మీద కూలబడింది. ఆవిడ ఛాతీలో పిల్లికూతలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

కౌంటరాయన తెర చూశాడు. "స్టాకు లేదండీ."

"మీ వెనకాల పెట్టె మీద ఆ మందు పేరే ఉంది కదా?"

"అది పొద్దున వచ్చింది. ఇంకా సిస్టమ్‌లోకి ఎక్కించలేదు."

"ఎక్కించండి మరి."

"ఎక్కించేవాళ్లంతా మీటింగ్ హాల్లో ఉన్నారు. మేం సిస్టమ్ ఎంత బాగా వాడుతున్నామో చూడ్డానికి పై ఆఫీసు నుంచి సారొచ్చారు."

ఎంత ముందుచూపు! సిస్టమ్ వాడకం గురించి నలభై ప్రశ్నల కాగితం నింపడానికి, సిస్టమ్ వాడేవాళ్లనే లేపుకుపోయారు. "రోజుకు ఎంతసేపు వాడతారు?" అన్నచోట "అస్తమానం" అని వాళ్లు టిక్కు పెడుతున్నంతసేపూ దాన్ని ముట్టుకున్నవాడు లేడు.

బయట కొట్టుకు పరిగెత్తుదామంటే అక్క నా చెయ్యి వదల్లేదు. మాట రావడం లేదు. పెదాలు నల్లబడుతున్నాయి. నేను దేన్నైనా వెటకారం చేయగలనని పేరు. ఆ క్షణాన మాత్రం "ఎవరైనా రండి!" అని అరిచాను.

పక్క కౌంటర్లో దూది, కట్లు ఇచ్చే పెద్దావిడ లేచింది. కత్తెరతో పెట్టె టేపు కోసి, ఇన్‌హేలర్ తీసుకుని బెంచీ దగ్గరికి వచ్చింది.

"నోట్లో పెట్టుకో తల్లీ. నెమ్మదిగా లోపలికి పీల్చు. కంగారేం లేదు, నేనున్నాగా."

సరిగ్గా అప్పుడే హాల్లోంచి సారు బయటికొచ్చాడు. "ఎంట్రీ లేకుండా ఎలా ఇచ్చారమ్మా?"

"ఎంట్రీ ఎక్కడికీ పోదు సారూ. ముందు ఆవిణ్ణి ఊపిరి పీల్చుకోనీండి."

సారు ఏదో రాసుకున్నాడు.

వారం తిరక్కుండా నోటీసు బోర్డు మీద సిస్టమ్ వాడకంలో ఎవరికెన్ని మార్కులో పెట్టారు. కౌంటరాయనకు నూటికి నూరు. ఎంట్రీ లేని మందు ఒక్కటైనా ఆయన చెయ్యి దాటలేదట! మీటింగ్ హాలు బృందానికి తొంభై ఎనిమిది. పెద్దావిడకు సున్నా.

న్యాయమైన తీర్పే. మనం చట్టాన్ని గౌరవించేవాళ్లం కదా? అందుకని సలహాల పెట్టెలో నేనూ ఒక కాగితం వేసి వచ్చాను. సున్నా తెచ్చుకున్న ఆ మనిషి ఏ కౌంటర్లో, ఏ వేళల్లో కూర్చుంటుందో గుమ్మం దగ్గర పెద్ద అక్షరాలతో రాయించాలని, అలాంటి మనిషి చేతికి రోగులు పొరపాటున చిక్కకుండా జాగ్రత్తపడతారని.

మా అక్కయితే ఆ వేళలు ఇప్పటికే బట్టీ పట్టేసింది.