తలుపు చప్పుడు నివారణ సంఘం

"కారు తలుపు గడగడలాడితే అది లోపం కాదు, ఆ కారు వ్యక్తిత్వం" అని మిషిగన్‌లోని బ్రాంట్‌లీ మోటార్స్ వారు 1982లో అధికారికంగా తీర్మానించారు. అప్పటికే జనం వ్యక్తిత్వం లేని జపాన్ కార్లు కొనుక్కుని హాయిగా తిరుగుతున్నారు.

ఆ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా తలుపులు బిగిస్తున్న డ్వేన్ కోస్ట్‌కాకు ఈ వ్యక్తిత్వం ఎక్కడ పుడుతోందో తెలుసు. పై బోల్టు ఇంకో చుట్టు తిరిగేలోగా కారు ముందుకు కదిలిపోయేది. కదిలే ఆ కార్ల వరసను రెండు క్షణాలు ఆపితే చాలు. ఆపే అధికారం డ్వేన్‌కు లేదు. (ఎవరికి ఉందన్న విషయమై మేడ మీది అధికారుల్లో మూడు అభిప్రాయాలుండేవి.)

ఫోర్‌మన్ ఎర్ల్ హచిన్స్‌కు ఆరుసార్లు చెప్పాడు.

"డ్వేన్, నీ పుణ్యముంటుంది, నా ఉద్యోగానికి ఎసరు పెట్టకు. పైవాళ్లకు కావలసింది కార్ల లెక్క. గడగడలాడేవి కూడా లెక్కకొస్తాయి."

అమ్మకాలు సగానికి పడిపోయాక, పదకొండు మంది కంపెనీ ఉపాధ్యక్షులతో తలుపు చప్పుడు నివారణ సంఘం ఏర్పడింది. సంఘం వారు పరిశీలన కోసం ఒక జపాన్ కారు కొన్నారు. విదేశీ కారు గేటు దాటరాదన్నది ఫ్యాక్టరీ నిబంధన కనుక, వీధి చివర బౌలింగ్ హాలు ముందు మంచులో నిలబడి, పదకొండు మందీ వంతులవారీగా ఆ తలుపు తీసి వేశారు. ప్రతిసారీ "టప్" అంది. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

కార్మికుల తరఫున డ్వేన్‌ను పిలిపించారు.

"చెప్పవయ్యా కోస్ట్‌కా, జపాన్ వాడి రహస్యమేమిటి?" అన్నాడు సంఘం అధ్యక్షుడు ప్రెస్టన్ ఐన్స్‌లీ.

"బోల్టు బిగించాడండీ."

"అంతేనా?"

"మొత్తం బిగించాడండీ."

ఐన్స్‌లీ పగలబడి నవ్వాడు. డ్వేన్ మాటను నివేదికలో 'చమత్కారాలు' అనే శీర్షిక కింద చేర్చారు. రెండు వందల పన్నెండు పేజీల ఆ నివేదిక సారాంశం: ఇకమీదట కార్లలో మరింత గట్టిగా మోగే రేడియోలు పెట్టాలి.

పెట్టారు. మరుసటి వసంతంలో తలుపుల విభాగంలో సగం మందిని ఇంటికి పంపారు. అందులో డ్వేన్ ఒకడు.

"ఇరవై రెండేళ్లు చేశావు. పోతూ పోతూ ఏమిచ్చారు?" అంది భార్య రోజలీ.

"రేడియో."

డ్వేన్ రెండేళ్లు చిల్లర పనులు చేశాక, గంటన్నర దూరంలో జపాన్ వాళ్లు ఫ్యాక్టరీ తెరిచారు. దరఖాస్తు పెట్టిన డ్వేన్‌ను బావమరిది నార్బ్ నిలదీశాడు. "సిగ్గులేదా బావా? మన పొట్ట కొట్టినవాళ్ల దగ్గరే చేరతావా?"

"నువ్వు పెడతావా మరి రోజూ భోజనం?" అంది రోజలీ. నార్బ్ ఇంకో బీరు తెరిచాడు.

కొత్త ఫ్యాక్టరీలో మొదటి రోజే ఒక బోల్టు వదులుగా కనిపించింది. లోపం కనబడితే తల పక్కనున్న తాడు లాగమని సూపర్‌వైజర్ మోరీతా పొద్దున్నే చెప్పాడు. డ్వేన్ కళ్లు మూసుకుని లాగాడు. ఫ్యాక్టరీలో ఆ పక్కంతా ఆగిపోయింది. అతని గుండె కూడా ఆగినంత పనైంది. మధ్యాహ్నం భోజనం ఇంట్లోనే అనుకున్నాడు.

మోరీతా పరుగున వచ్చి, బోల్టు చూసి, బిగించి, నడుం వంచి, పేరు చివర జపాన్ వాళ్ల 'గారు' తగిలించి "థాంక్యూ, కోస్ట్‌కా-సాన్" అన్నాడు. ఎవరికి చెబుతున్నాడా అని డ్వేన్ వెనక్కి తిరిగి చూశాడు. ఆ సాయంత్రం ఈ సంగతి రోజలీకి నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టాడు గాని, "థాంక్యూ" దగ్గరకొచ్చేసరికి లేచి ముఖం కడుక్కోవడానికి వెళ్లాడు.

తాడు కబురు బ్రాంట్‌లీకి చేరింది. ఐన్స్‌లీ సంఘం వచ్చి దాని పొడవు కొలిచి, రంగు రాసుకుని వెళ్లింది. నెల తిరక్కుండానే ఎర్ల్ ఫోన్ చేశాడు.

"మాకూ తాడు కట్టారోయ్!"

"లాగావా?"

"దుర్వినియోగం కాకుండా పద్నాలుగు అడుగుల ఎత్తున కట్టారు. నిచ్చెన కోసం అర్జీ పెట్టుకున్నాం, సంఘం పరిశీలిస్తోంది."