లేచిపోయిన వాన

ఆయిలింజను పొగకు మబ్బు బెదురుతుందని నకిరేకల్ దగ్గరి ఆ ఊళ్లో అందరికీ తెలుసు. 1961లో ఉత్తర కార్తె చినుకు లేకుండా గడిచిపోవడంతో, ఊళ్లో బావుల నీళ్లు తోడే నాలుగు ఇంజన్లనూ ఆపించాలని పంచాయతీ తలపెట్టింది. అవి ఆగితే రైతు అమృతమ్మ పొలంలో పొట్టకొచ్చిన వరి వారంలో ఎండుతుంది. అందుకే ఆ ఉదయం గ్రామసేవక్ ఎల్లస్వామి, నిరుటి దాకా ఐదేళ్ల లెక్కను ఒకే గళ్లకాగితం మీద రెండు గీతలుగా గీశాడు: ఇంజన్లకు ఎర్రగీత, వానకు నీలిగీత. రెండూ కలిసి పైకి పోతున్నాయి. ఇంతకంటే రుజువు అక్కర్లేదనుకుంటూ పంచాయతీకి బయలుదేరాడు.

"ఇంజన్లు పెరిగినకొద్ది వాన గూడ పైకి లేసింది, చూడుండ్రి" అన్నాడు.

గొర్ల కాపరుల పెద్ద బీరప్ప తల పంకించాడు. "వాన లేసిపోయిందని సారే ఒప్పుకుంటున్నడు. ఇంక పంచాయితి ఏముంది?"

వాన పడాలి గాని లేవకూడదు. మబ్బు చెదిరిన నాడే వాన లేచిపోయిందంటారు. సభ బీరప్పతో ఏకీభవించింది. ఎల్లస్వామి పట్టు వదల్లేదు. అక్కడే కూర్చుని, సున్నాను కాగితం పై అంచుకు మార్చి, రెండు గీతలూ కిందికి దిగేలా మళ్లీ గీశాడు. ఇప్పుడు వాన పడుతోందని అందరూ ఒప్పుకున్నారు. అయితే ఎర్రగీత కూడా పడిపోయింది కనుక, ఇంజన్లు మూలపడ్డాకే వాన పడిందని బీరప్ప తేల్చాడు. సర్పంచి యాదగిరి తీర్మానం రాయడానికి కలం మూత తీశాడు.

అంతవరకు గడప దగ్గర నిలబడిన అమృతమ్మ ముందుకు వచ్చింది. "ఇంజను భూమ్మీద ఉంటది, వాన మీదికెల్లి పడతది. దేని జాగల దాన్ని పెట్టుండ్రి సారూ."

మూడో కాగితం మీద ఎర్రగీత అడుగు నుంచి పైకి ఎక్కింది. నీలిగీత పై అంచు నుంచి కిందికి దిగింది. ఇంజను లేని ఏడాది పంతొమ్మిది అంగుళాల వాన, నాలుగున్న నిరుడు ముప్పై ఒకటి. బీరప్ప వేలు పెట్టి రెండింటినీ చాలాసేపు వెంబడించాడు.

"ఇంజన్లు ఎక్కువైతేనే వాన ఎక్కువ పడ్డది" అన్నాడు చివరకు.

ఇంజన్లు ఆపే ప్రతిపాదన వీగిపోయింది. అమృతమ్మ నీళ్లు పెట్టుకోవడానికి పొలానికి పరుగెత్తింది. ఎల్లస్వామి కాగితాలు చుట్టుకునేలోగా బీరప్ప మళ్లీ నోరు విప్పాడు. "మా గొర్లు మేసే గుట్టకు గూడ రెండు ఇంజన్లు రాయుండ్రి."

గుట్ట మీద బావి లేదు కదా అని ఎల్లస్వామి అడిగాడు.

"బావి ఎందుకు సారూ? పొగొస్తె చాలు."

తీర్మానం ఏకగ్రీవమైంది. ఒక్క ఇంజనూ లేని పక్కూళ్లో నిరుడు కురిసిన వాన ముప్పై రెండు అంగుళాలు.