గోదావరి ఇంటి ముందు జంపఖానా

ఆ పొద్దున గోదావరి తలపెట్టిన పని చాలా చిన్నది. కుర్చీ తుడవాలి, జంపఖానా దులపాలి, బాపు వస్తే కూర్చోబెట్టాలి. ఆయన కూర్చుని, ఒక కప్పు చాయ తాగి, ఏడాది నిండిన తన బిడ్డ వసంతను ఒక్కసారి ఒళ్ళోకి తీసుకుంటే చాలు. అంతకు మించి దేవుణ్ణి అడిగేది ఆమెకేమీ లేదు.

బాపు అంటే ఆమె తండ్రి తుకారాం. ఆయనది కోటగిరి. గానుగ సీజనులో చెరుకు బండ్లు తోలుకొని బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి వస్తాడు. కూతురి ఇల్లు ఫ్యాక్టరీ గోడ వెనకాల కార్మికుల లైన్లలోనే. చెరుకు తూచే కాటా దగ్గర బండ్లు బారులు తీరి నిలిచినప్పుడు నాలుగడుగులు వేస్తే చేరేంత దూరం. ఆ నాలుగడుగులు ఆయన రెండేళ్ళుగా వేయలేదు.

రెండేళ్ళ కింద వానాకాలంలో గోదావరి మొదటి కొడుకు జ్వరం తగిలి పోయాడు. ఇంకా బోర్లా పడడం కూడా రానివాడు. అంత పసివాడు పోతే నలుగురూ కూడే ఆనవాయితీ ఆ లైన్లలో లేదు. భర్త రాజమల్లు, పక్కింటి ఎర్రన్న కలిసి ఇంట్లో ఉన్న ఒక్క చాపలో చుట్టుకొని తీసుకుపోయి, చీకటి పడకముందే చేతులు కడుక్కొని వచ్చారు. "ఏడ్వకే బిడ్డా, ఏడిస్తే మళ్ళ కడుపు పండదు" అన్నారు ఆడవాళ్ళు. గోదావరి ఏడవలేదు. మర్నాడు తుకారాం ఉరికి వచ్చాడు. అత్త భీమవ్వ ఆయన్ను కూర్చోమనలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది. ఆయన గడపలో చాలాసేపు నిలబడి, నిలబడినవాడు నిలబడినట్టే వెళ్ళిపోయాడు. "కూసోమననోళ్ళ ఇంటికి నేనెందుకు పోత" అన్నాడని తర్వాత తెలిసింది.

అప్పటినుంచి గోదావరిని రెండు పట్టుకున్నాయి. ఒకటి భయం. వసంత తుమ్మినా, రాజమల్లు డ్యూటీ దిగి రావడం ఆలస్యమైనా, అత్త రెండుసార్లు దగ్గినా ఆమె గుండె జారిపోయేది. రెండోది కుర్చీ. బాపుకు ఒక కుర్చీ ఉండి ఉంటే ఇదంతా జరిగేది కాదని ఆమె నమ్మకం. అందుకే వసంతను కాళ్ళ మీద పడుకోబెట్టుకొని బీడీలు చుట్టింది. నాలుగు డబ్బులు పోగవగానే రాధాబాయిని తోడు తీసుకొని నిజామాబాద్ బస్సెక్కింది. రాధాబాయి మహారాష్ట్ర దిక్కు నుంచి వచ్చి ఎదురింట్లో ఉంటుంది. బేరంలో గట్టిది. భీమవ్వకూ ఆమెకూ నల్లా దగ్గర బిందె వరస కోసం రోజూ యుద్ధమే కానీ, అది వేరే సంగతి.

పాత సామాన్ల అంగడిలో చేతుల కుర్చీ ఒకటి దొరికింది.

"తహసీల్దార్ సాబ్‌ది అమ్మా. బదిలీ అయిపోయిండు. గీ కుర్చీల కూసొని ఎన్ని హుకుములు రాసిండో" అన్నాడు దుకాణం రామ్‌దాస్.

"అగో, మరి గీ కాలు వంకరేందయ్యా?" అంది రాధాబాయి.

"హుకుముల బరువు బాయీ."

కుర్చీతో పాటు ఎర్ర చారల జంపఖానా కూడా ఇచ్చాడు. దాని మూల ఒకటి కాలింది. "కాలిన మూల మీద కుర్చీ ఎయ్యుండ్రి. వంకర కాలుకు జంపఖానా ఎత్తు అయితది, కాలిన తూటు కుర్చీ కింద దాగుతది. ఇల్లు దర్బార్ లెక్క కొడతది" అని ఉపాయం కూడా చెప్పాడు. రెంటిలోనూ నల్లులున్న సంగతి మాత్రం చెప్పలేదు.

అది తెల్లారేసరికి భీమవ్వ చెప్పింది. "కన్ను మూస్తే ఒట్టు! తహసీల్దార్ నెత్తురు తాగి బలిసినయి, నా మంచం నిండ ఎక్కినయి. బీడీలు చుట్టేదాని ఒంట్ల ఏమున్నదని అచ్చినయే?"

గోదావరికి ఏడుపొకటే తక్కువ. బాపు ఆవేళే బండ్లు తోలుకొస్తున్నాడని కోటగిరి బండి ఆత్మారాం చెప్పి ఉన్నాడు. "నువ్వు రమ్మన్నవని చెప్పిన. 'సూస్త' అన్నడు" అని కూడా అన్నాడు. 'సూస్త' అంటే వస్తాడో రాడో తెలియదు. వస్తే మాత్రం నల్లుల కుర్చీలో కూర్చోబెట్టడమెలా?

అందుకని రాజమల్లు డ్యూటీకి పోగానే మంచం బయటికి ఈడ్చి నిలబెట్టింది. జంపఖానా వాకిట్లో ఎండకు పరిచింది. పిడకలు, నాలుగు కట్టెలు పేర్చి నిప్పు రాజేసి, వేపాకు పొగ వేసి, పొగ తగిలేటట్టు కుర్చీని నిప్పు పక్కన పడుకోబెట్టింది. మంచం సందుల్లో పోయడానికి మూడు రాళ్ళ మీద కాగు పెట్టి నీళ్ళు ఎసరు పెట్టింది. మంచమూ నిద్రా రెండూ పోయిన భీమవ్వ లోపల వట్టి నేల మీద వాలి, పొగకు ముక్కు మండుతుంటే తడిగుడ్డ మొహం మీద కప్పుకొని, ఆదమరిచి నిద్రపోయింది. వేపాకు సరిపోలేదు. గోదావరి బిడ్డను చంకనేసుకొని ఫ్యాక్టరీ గోడ వెనక వేపచెట్ల దగ్గరికి పోయింది.

ఆ లైన్లలో ఎవరింటి ముందైనా నిప్పు రాజేసి, కాగులో నీళ్ళు కాగుతూ, వాకిట్లో జంపఖానా పరిచి ఉంటే దాని అర్థం ఎవరూ ఎవరినీ అడగరు. పైగా మంచం బయట, మనిషి నేల మీద. కొత్త కుర్చీ ఇంటికి ఎట్లా కుదిరిందో చూద్దామని వచ్చిన రాధాబాయి ముందు వాకిలి చూసింది, తర్వాత గడపలోంచి లోపలికి తొంగి చూసింది.

"అగో బాయీ! భీమవ్వ పోయింది!"

ఆ కేకకు లైనంతా కదిలింది. రాత్రి డ్యూటీ చేసి పడుకున్న ఎర్రన్న కళ్ళు నలుపుకుంటూ వచ్చి పెత్తనం తీసుకున్నాడు. ఎవరింట్లో చావైనా ఆ పెత్తనం ఆయనదే. "ఆడోళ్ళు లోపట కూసోండ్రి. మగోళ్ళు జంపఖాన మీదికి రాండ్రి. ఒకడు ఫ్యాక్టరీకి ఉరికి రాజమల్లుకు చెప్పుండ్రి. ఏడుస్తున్నరు గని నిప్పు ఆరిపోతున్నది, ఎవలన్న సూస్తున్నరా?" అంటూ చుట్టూ చూసి, నిప్పు పక్కన పడి ఉన్న వంకర కాలు కుర్చీని విరిచి మంటలో పెట్టాడు. ఎండిన టేకు. బాగా అంటుకుంది.

లోపల భీమవ్వకు మొదటి శోకానికే మెలకువ వచ్చింది. లేచి నాలుగు కడుగుదామనే అనుకుంది. కానీ తలాపున రాధాబాయి గొంతు, "బంగారమసొంటి మనిషి! ఒక్కనాడన్న నల్లా కాడ నన్ను ఒక మాట అనెనా!" అని రాగం తీస్తోంది. భీమవ్వ తన జీవితంలో అంత పచ్చి అబద్ధం వినలేదు, అంత తియ్యని మాటా వినలేదు. ఇంకొంచెం విందామని కదలకుండా పడుకుంది.

రాజమల్లు పాకం మరకల బట్టలతోనే ఉరికి వచ్చి, నిప్పును చూసి, కాగును చూసి, "అవ్వా!" అని వాకిట్లోనే కూలబడ్డాడు. నలుగురు పట్టుకొని జంపఖానా మీద కూర్చోబెట్టారు.

గోదావరి వేపకొమ్మతో మూల మలుపు తిరిగేసరికి ఇంటి ముందు జనం. ఆమె చేసిన మొదటి పని చంకలో బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూడడం. ఊపిరుంది. అయితే రాజమల్లు. బాయిలరు పేలిందేమో. కాదు, అతను జంపఖానా మీద తల కొట్టుకుంటున్నాడు. ఇక మిగిలింది అత్త. వాకిట్లో పొగ పెట్టి తలుపు మూయకుండా పోయానే అని గుర్తొచ్చి ఆమె ఇంటివైపు ఉరికింది. నిప్పు పెట్టింది తానేనని, జంపఖానా పరిచింది తానేనని ఆమెకు తోచనే లేదు. అంతమంది ఏడుస్తుంటే ఎవరికి తోస్తుంది?

"నేనే సంపిన! నా కుర్చీ సంపింది అత్తను!" అని గడప దగ్గర పడిపోయింది.

"చూసినవా, కోడలంటే గట్లుండాలె" అన్నారు ఆడవాళ్ళు కొంగులు తడుపుకుంటూ.

ఆ ఏడుపు విని వచ్చి సంగతి తెలుసుకున్న ఆత్మారాం కాటా దగ్గరికి పరుగెత్తాడు. తుకారాం బండ్లు అప్పటికి ముందుకొచ్చి, ఇంకో రెండు బండ్లయితే కాటా ఎక్కేవి. కానీ వియ్యపురాలు పోయిందంటే ఆగే మనిషెవడు? పండుగకు పిలిస్తే అలిగి రాకపోవచ్చు. చావుకు రాకపోతే మనిషే కాడు. ఎద్దులను అక్కడే వదిలేసి, తలపాగా విప్పి భుజాన వేసుకొని ఆ నాలుగడుగులూ వేశాడు. వచ్చి రెండేళ్ళ కింద నిలబడ్డ గడపలోనే నిలబడ్డాడు.

జనం తప్పుకొని దారిచ్చారు. నేల మీద మొహం కప్పి ఉన్న మనిషిని చూడగానే ఆయన రెండు చేతులూ జోడించాడు.

"అక్కా... కూసోమనలేదని రెండేండ్లు నీ గడప తొక్కకపోతి. నా బిడ్డ మొకం సూడకపోతి. ఇయ్యాల నిలబెట్టెటందుకన్న నువ్వు లేకపోతివి గదనే!"

తడిగుడ్డ కింద నుంచి మాట వచ్చింది.

"కూసో అన్నా."

రాధాబాయి కెవ్వుమని గోడకు అతుక్కుపోయింది. ఎర్రన్న వాకిట్లోకి గెంతి కాగుకు తగిలి చేయి కాల్చుకున్నాడు. రాజమల్లు ఏడుపు ఆపడం మరిచిపోయి నోరు తెరిచాడు. భీమవ్వ గుడ్డ తీసి లేచి కూర్చుంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది పొగ వల్ల కాదు.

"కూసో అంటున్న గద. ఆనాడు నిన్నేమేసి కూసోమందు అన్నా? ఇంట్ల ఉన్నది ఒక్క మంచం, దాని మీద నీ బిడ్డె పండి ఉండె. ఒక్క సాప. అది నా మనుమనితోని పాయె. వియ్యపోన్ని వట్టి మట్టిల కూసోమననీకి నోరు రాక, సిగ్గయి మొకం తిప్పుకున్న. నువ్వు అలిగి పోతివి."

తుకారాం భుజాన ఉన్న తలపాగాతో మొహం ఒత్తుకున్నాడు. గోదావరి అత్తను పట్టుకొని చూసి, ఊపిరి చూసి, మళ్ళీ పట్టుకొని చూసింది. ఆ తర్వాత ఒక్కసారి గుర్తొచ్చి, కళ్ళు తుడుచుకుంటూ బయటికి ఉరికింది.

"బాపుకు కుర్చీ తెచ్చిన! కుర్చీ యాడ పోయింది?"

అందరూ ఎర్రన్న వైపు చూశారు. ఎర్రన్న మంట వైపు చూశాడు. మంటలో కుర్చీ చేయి ఒకటి ఇంకా మిగిలి ఉంది.

"నిప్పు కాడ పడున్నదని పారేసిన కట్టె అనుకున్న చెల్లె" అన్నాడు కాలిన చేయి ఊదుకుంటూ. ఏదో ఒక మంచిమాట చెప్పాలి కనుక, "మంట మాత్రం మస్తుగ వచ్చింది" అన్నాడు.

తుకారాం వాకిట్లోకి వచ్చి జంపఖానా మీద, కాలిన మూలనే, మఠం వేసుకొని కూర్చున్నాడు. గోదావరి వసంతను తెచ్చి ఒళ్ళో వేసింది. బిడ్డ ఆయన మీసం పట్టి గుంజింది. వచ్చిన వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకొని, "మరి మేం పోతం అవ్వా, పనులున్నయి" అని లేవబోయారు.

"యాడికి పోతరు?" అంది భీమవ్వ గడపలో నిలబడి. "కూసోండ్రి. పరిసిన జంపఖాన పరిసినట్టే ఉన్నది. ఏడ్సెటందుకు అచ్చినోళ్ళు అచ్చినట్టే ఉన్నరు. నా మనుమనికి ఆనాడు ఎవ్వలు ఏడ్వలే. తల్లిని సుత ఏడ్వనియ్యకపోతిమి. నాకోసం తెచ్చిన ఏడుపు ఇంత మిగిలే ఉంటది గద, గా పిలగానికి పెట్టుండ్రి."

ఎవరూ కదల్లేదు. ముందు రాధాబాయే కూర్చుంది. ఈసారి రాగం తీయలేదు, అబద్ధమూ ఆడలేదు. ఊరికే గోదావరి తల తన భుజానికి ఆనించుకుంది. గోదావరికి ముందు ఏడుపు రాలేదు. రెండేళ్ళు పట్టి ఉంచినది ఎక్కడినుంచి విప్పాలో తెలియలేదు. తుకారాం ఆమె వీపు మీద చేయి వేసి, "ఎవలి లెక్క ఉండె బిడ్డా? నేను సూడనే లేదు" అన్నాడు.

"నీ లెక్కనే బాపూ. చెవులు నీయే" అంది. అప్పుడు ఏడ్చింది. జంపఖానా మీద ఉన్న వాళ్ళందరూ ఏడ్చారు. ఆనాడు చాపలో చుట్టి తీసుకుపోయిన ఎర్రన్న అందరికంటే ఎక్కువ ఏడ్చాడు.

చాలాసేపటికి భీమవ్వ మొహం కడుక్కొని, "నాకు పోద్దామనుకున్న నీళ్ళు ఉత్తగనే కాగుతున్నయి. చాయ పెట్టవే" అంది కోడలితో.

కాటా దగ్గర తుకారాం వంతు పోయింది. బండ్లు మళ్ళీ బారు చివరికి చేరాయి కనుక ఆయన రాత్రికి కూతురింట్లోనే ఉండిపోయాడు. ఆ జంపఖానా మీదే పడుకున్నాడు. సాయంత్రం లైను వాళ్ళు ఒక్కొక్కరే లేచి, కళ్ళు తుడుచుకుంటూ, వీపులు గోక్కుంటూ ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు.

మర్నాడు పొద్దున లైనులో ఇంటింటి ముందూ మంచాలు లేచి నిలబడ్డాయి, నిప్పులు రాజుకున్నాయి, కాగుల్లో నీళ్ళు కాగాయి. తర్వాత రెండు రోజులకు కోటగిరిలో కూడా ఒక వాకిట్లో మంచం నిలబడిందని ఆత్మారాం చెప్పాడు. ఎవరు పోయారని మాత్రం ఎక్కడా ఎవరూ అడగలేదు.