నత్త ఇంటికి నోటీసు

ప్రాణం ఉన్నంత మాత్రాన ఏ జీవీ బతికున్నట్టు కాదు. బతికున్నట్టు సర్కారు నమ్మాలి. ఆ నమ్మకం కుదుర్చుకోవడానికే లోతు సముద్ర జీవుల సంరక్షణ కార్యాలయాన్ని పురానాపూల్‌లో, ఒక టైర్ల దుకాణం పైఅంతస్తులో తెరిచారు. (సముద్రం మూడు వందల కిలోమీటర్ల అవతల ఉంది కాబట్టి సిబ్బంది దాని వైపు మొగ్గుతారన్న అనుమానానికి తావు లేదు.)

గౌలిపుర నుంచి సుజన ఇక్కడికి రావడం ఇది పదకొండోసారి. సముద్రం అడుగున, మూడు కిలోమీటర్ల లోతులో, వేడినీళ్లు చిమ్మే ఒకే ఒక్క బుగ్గ దగ్గర బతికే నత్త మీద ఆమె ఆరేళ్లు పరిశోధన చేసింది. సరిగ్గా అక్కడే ఖనిజాలు తవ్వుకుంటామని ఒక కంపెనీ దరఖాస్తు పెట్టింది. ఈ నెలాఖరులోగా నత్త పేరు రక్షిత జాబితాలోకి ఎక్కితే తవ్వకం ఆగుతుంది. ఎక్కకపోతే నత్త మిగలదు.

సూపరింటెండెంటు వామన్‌రావు చెడ్డవాడేమీ కాదు. నత్త పేరున కరెంటు బిల్లు లేకపోయినా పెద్దమనసు చేసుకుని ఫైలును ఇంతదాకా నడిపించాడు. ఇక మిగిలింది నోటీసు ఒక్కటే. దాన్ని దరఖాస్తుదారు ఇంటికి అంటించి, ఇద్దరు స్థానికుల సంతకాలతో పంచనామా రాయాలి. (దరఖాస్తుదారు అంటే నత్త.)

"అంటించినమమ్మా. మన మొగులయ్యనే పోయిండు," అన్నాడు వామన్‌రావు.

సుజన నివ్వెరపోయింది. "ఏడికి పోయిండు సార్?"

అటెండరు మొగులయ్య నోటీసులంటించే లై డబ్బా కింద పెట్టి తనే చెప్పాడు. "గీ పురానాపూల్ బ్రిడ్జి మీదనే మేడం. ఇల్లు దొరకకుంటే ఇంటికి పోయే తొవ్వల అంటియ్యాలె, గది రూలు. మూసీ పోయి కృష్ణల కలుస్తది, కృష్ణ పోయి సముద్రంల కలుస్తది. నత్తకు గిదే తొవ్వ గదా. కూరగాయలమ్మే ఆగమ్మ, ఆమె మరిది బాలకిషన్ సాక్షి సంతకాలు పెట్టిన్రు."

"ఏమని పెట్టిన్రు?"

"గట్లాంటి నత్తను ఎన్నడు చూడలేదని. అబద్ధం ఎందుకు చెప్తరు?"

వామన్‌రావు పంచనామాను మరోసారి శ్రద్ధగా చదివాడు. "నెల దినాలు చూసినం. దరఖాస్తుదారు రాలే, వకీలును పంపలే. గా అడ్రసుల ఉంటలేరని సాక్షులే చెప్తున్నరు. ఫైలు మూసినమమ్మా. కంపెనీవాళ్లను చూడు, కరెంటు బిల్లుతో సహా అన్నీ ఒక్కపూటల తెచ్చిన్రు. పొద్దుగాలనే వాళ్ల తవ్వకానికి సంతకం చేసిన."

సుజనకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఎవరి మీద అరవాలో మాత్రం తెలియలేదు. అందరూ రూలు ప్రకారమే చేశారు.

"అది ఇంకేడ లేదు సార్," అంది మెల్లగా. "గా ఒక్క బుగ్గ కాడనే ఉన్నది. పోతే మళ్ల రాదు."

వామన్‌రావుకు నిజంగానే జాలేసింది. ఆమెను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు.

"ఫికర్ చెయ్యకు బిడ్డా," అన్నాడు. "అంతరించిన జీవుల రిజిస్టరు గూడ నా దగ్గర్నే ఉంటది. దాంట్ల పేరు ఎక్కియ్యనీకి పంచనామా గిట్ల ఏముండదు. నువ్వు గూడ రావల్సిన పని లేదు."