రేకుల కప్పు మీది పాలపళ్ళు

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. ఈ కథ నెమ్మదిగా రాశాను, మీరూ నెమ్మదిగానే చదవండి.

ఆ ఉదయం తోంగ్‌బాయ్‌కి ఉన్న పనులు పెద్దవేమీ కావు. జిగురన్నం వండాలి, మనవరాలు కుంగ్‌ను బడికి పంపాలి, మధ్యాహ్నం వచ్చే అతిథికి కోడి కాల్చాలి. అతిథి అల్లుడి తరఫు మనిషి. అల్లుడు ప్రసోప్ పురావస్తు విజ్ఞాన సంఘానికి ఉదోన్‌థానీ జిల్లా శాఖ కార్యదర్శి. తవ్వకాల్లో దొరికిన ఎముకలను, కుండపెంకులను యంత్రాలతో పరీక్ష చేయించే పెద్దమనుషుల సంఘం అది. వంకాయలు బేరమాడేటప్పుడు కూడా తోంగ్‌బాయ్ ఈ సంగతి చెప్పకుండా ఉండేది కాదు.

ఆ రోజు బాంకాక్ నుంచి సంఘం పెద్ద డాక్టర్ రత్చనీ వస్తోంది. ఊరి చివర తవ్వకంలో బయటపడిన ఒక పసిబిడ్డ పాలపన్ను ఆమె చేతికి అందించాలి. అది మూడువేల ఏళ్ళ నాటిది. చిన్నతనంలో తాగిన నీటి జాడ పంటిలో నిలిచిపోతుందట. ఆ బిడ్డ ఇక్కడే పుట్టిందో, ఎక్కడి నుంచి వచ్చిందో దాన్నిబట్టి చెప్పవచ్చునట. పన్ను అందకపోతే తవ్వకం మూతపడుతుంది, ప్రసోప్ కార్యదర్శి పదవీ పోతుంది. చనిపోయినవాళ్ళది కదా అని, ప్రసోప్ దాన్ని దూదిలో చుట్టి మందు డబ్బీలో పెట్టాడు. అందరి తలలకంటే ఎత్తున ఉండాలని ఫ్రిజ్ మీద ఉంచి, అగరుబత్తి వెలిగించి స్నానానికి వెళ్ళాడు.

కుంగ్‌కి కింది పన్ను ఊడింది ముందురోజు సాయంత్రమే. తోంగ్‌బాయ్ డబ్బీ తెరిచి చూసి కరిగిపోయింది. కూతురి పంటికి బత్తి కూడా వెలిగించాడు, ఎంత ప్రేమో అనుకుంది. పై పన్నయితే మెట్ల కింద పాతాలి, కింది పన్నయితే కప్పు మీదికి విసరాలి. పెరట్లో నిలబడి, పాతది తీసుకుని కొత్తది ఇమ్మని వేడుకుని, బలంగా విసిరింది.

ప్రసోప్ తల తుడుచుకుంటూ వచ్చాడు. "అత్తయ్యా, ఈ డబ్బీలో పన్నేదీ?"

"కప్పు మీదికి విసిరేశానయ్యా. కింది పన్నేగా?"

కుంగ్ జేబులోంచి కాగితం పొట్లం తీసింది. "నాది ఇదిగో అమ్మమ్మా. బళ్ళో చూపిద్దామని దాచుకున్నా."

తోంగ్‌బాయ్ పెరట్లోకి పరుగెత్తి కప్పు వైపు చూసింది.

ప్రసోప్ ఫోన్ చేయగానే శాఖ అధ్యక్షుడు సుతిన్ మాస్టారు జల్లెడ, కుంచెలు, దారపు ఉండతో దిగాడు. అప్పటికే నిచ్చెన మీద కాలు పెట్టిన ప్రసోప్‌ను చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. ఫోటో తీయకుండా ఏదీ ముట్టుకోవడం సంఘం పద్ధతి కాదు. రేకుల మీద దారాలు కట్టి గళ్ళు చేశారు. నలుపు తెలుపు కొలబద్ద పెట్టారు. ఉత్తరం ఎటో తెలిసేలా బాణం గుర్తు పెట్టారు.

"బాబ్బాబు, ముందు పన్ను వెతకండి. ఇల్లు తర్వాత కొలుచుకోవచ్చు" అని కింది నుంచి తోంగ్‌బాయ్ బతిమాలింది.

"ఎక్కడ దొరికిందో రాసుకోకపోతే, అది దొరికినా దొరకనట్టేనమ్మా" అన్నాడు మాస్టారు గంభీరంగా.

కప్పు అంచున వాననీరు పోయే కాలువలో ఆకుల చెత్తను పొరలు పొరలుగా తీశారు. ఒక పన్ను దొరికింది. ఇద్దరూ కౌగిలించుకున్నారు. ఇంకోటి దొరికింది. ఆ తర్వాత గుప్పెడు వచ్చాయి. ఆ సందులో తోంగ్‌బాయ్ ఇంటి కప్పు ఒక్కటే పొట్టిది. సొంత కప్పు అందని పిల్లలందరూ తరతరాలుగా పళ్ళు విసిరింది దీని మీదికే. చూస్తుండగానే టీ గ్లాసు నిండింది. సందంతా వచ్చి చేరింది.

"ఆ పుచ్చుపన్ను మా తమ్ముడిది. వాడిప్పుడు పోలీసాఫీసరు, కాస్త మర్యాదగా పట్టుకోండి" అంది పక్కింటి చంపా.

ఎండావానలకు నాని ఇక్కడి పళ్ళూ మట్టిలోంచి వచ్చినదాని రంగుకే తిరిగాయి. ఏది పాతదో ఎవరికీ తెలియలేదు. తవ్వకాల దగ్గర వాడే ఉపాయం మాస్టారికి గుర్తొచ్చింది. పాత ఎముకను నాలుక మీద పెడితే అంటుకుంటుంది. పెద్దమనుషులిద్దరూ కప్పు మీద కూర్చుని సందులోని పళ్ళన్నీ ఒక్కొక్కటే నాకడం మొదలుపెట్టారు. కింద సగంమంది మొహాలు తిప్పుకున్నారు, మిగతా సగం బాగా కనబడాలని స్టూళ్ళెక్కారు.

చివరికి ఒకటి మాస్టారి నాలుకకు అంటుకుంది. ఆయన నాలుక బయటపెట్టి సంతోషంగా అందరికీ చూపిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే గుమ్మం ముందు కారు ఆగింది.

"సుతిన్‌గారూ, అక్కడేం చేస్తున్నారు?" అంది దిగుతూనే డాక్టర్ రత్చనీ.

పెద్దవాళ్ళు పలకరిస్తే చేతులు జోడించి బదులు చెప్పాలి కదా. ఆయన చేతులు జోడించాడు, నాలుక లోపలికి తీసుకున్నాడు, గుటుక్కున మింగేశాడు.

ప్రసోప్ తల పట్టుకున్నాడు. తోంగ్‌బాయ్ ఆమెకు ఎదురెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "తప్పు నాదేనమ్మా, అల్లుణ్ణి ఏమీ అనకండి. మాస్టారికి బాగా పండిన బొప్పాయి పెడతాను. రేపటికల్లా వచ్చేస్తుంది."

రత్చనీ గ్లాసు అందుకుని చూసింది. ఇవన్నీ ఈ నీళ్ళు తాగి పెరిగిన పిల్లలవేనా అని అడిగింది. సందంతా ఒక్కసారే అవునంది. ఆమె మొహం వెలిగిపోయింది. పాతకాలపు బిడ్డ ఇక్కడిదో కాదో చెప్పాలంటే పక్కన పెట్టి పోల్చడానికి ఇక్కడి పిల్లల పళ్ళు కావాలట. సంఘం వాళ్ళు ఎన్నేళ్ళు ఊరూరా అడిగినా ఒక్కరూ ఇవ్వలేదట, అందరూ కప్పుల మీదికి విసిరేసేవాళ్ళేనట. ఆమె కాల్చిన కోడి కడుపునిండా తిని, గ్లాసు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళింది. తవ్వకం ఆగదని, ప్రసోప్ పదవికీ ఢోకా లేదని మాటిచ్చింది. సంఘం జల్లెడ మాత్రం ఆ వారమంతా మాస్టారింట్లోనే ఉంది.

వానలు తగ్గాక ఫలితం వచ్చింది. యంత్రాలు పళ్ళ వయసు కట్టి చెప్పాయి, పాతకాలపు పన్ను గ్లాసులోనే ఉంది. ఆ బిడ్డా ఈ నీళ్ళు తాగిందే. అంటే మాస్టారు మింగింది సందులో ఎవరిదో. మా తమ్ముడిదేనని చంపా, కాదు మా వాడిదేనని మిగతావాళ్ళు వాదులాడుకున్నారు. అది ఎవరిదో తేల్చే పరిశోధన అవసరం లేదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రతిపాదించింది సుతిన్ మాస్టారే.

ఇది రాసింది బువాఖాయ్, డెబ్బై రెండేళ్ళు, ఇప్పుడు ఉదోన్‌థానీలో చిన్న కూతురి దగ్గర ఉంటున్నాను.