ఫొటో మావయ్య లేడనుకో

ఆదివారం ఉదయం ఏడింటికల్లా తోటలో ఉండాలి, ఎనిమిదింటికి ఫొటోలు అయిపోవాలి, ఎనిమిదిన్నరకి ఇంటికొచ్చి టిఫిన్ తినాలి. ప్లాను ఇంతే. ఇందులో తేడా రావడానికి చోటెక్కడుందని ఎవరికైనా అనిపిస్తుంది. గువ్వ తల్లికి మాత్రం పదకొండు చోట్లు కనిపించాయి. అందుకే సంచిలో దూది, దెబ్బల మందు, దోమల క్రీము, పాపకి రెండు జతల బట్టలు, ఒక గొడుగు, ఒక ఈల సర్దుకుంది.

"ఈల దేనికే?" అన్నాడు మొగుడు.

"ఎవరైనా తప్పిపోతే ఊదడానికి."

"ఎవరు తప్పిపోతారు?"

"ఎవరో ఒకరు తప్పిపోతారు లెండి," అంది ఆమె ధీమాగా. జరగబోయే చెడు విషయంలో ఆమెకి ఎప్పుడూ అనుమానం ఉండదు, నమ్మకమే.

గువ్వకి నాలుగేళ్ళు. పుట్టినప్పటినుంచి తల్లి ఫోనులో ఆరువేల పైచిలుకు ఫొటోలున్నాయి. తీసేది తల్లే కాబట్టి ఒక్కదాంట్లోనూ ఆమె లేదు. మొగుడు తీసినవి రెండున్నాయి గానీ, ఒకదాంట్లో ఆమె తల లేదు, రెండోదాంట్లో ఆయన వేలు తప్ప ఇంకేమీ లేదు. పోయిన వారం బడిలో 'అమ్మతో నేను' అని గోడకి ఒక అట్ట తగిలించి, పిల్లలందరినీ తలో ఫొటో తెమ్మన్నారు. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. ఎడమచేత్తో ఫొటో తీస్తూ కుడిచేత్తో తినిపించినప్పటిది. అందులో గువ్వ నోరు తెరుచుకుని ఉంది, పక్కన చెంచా పట్టుకున్న చెయ్యి ఉంది. గువ్వ దాన్నే తీసుకెళ్ళి, చేతిని చూపించి, "ఇదే మా అమ్మ," అందట. పిల్లలు నవ్వినా బాగుండేది. "మీ అమ్మకి మొహం లేదా?" అని నిజంగానే అడిగారట.

టీచరమ్మ మంచిది. "సోమవారం ఇంకోటి తీసుకురా తల్లీ, నీ చోటు ఖాళీగా ఉంచుతాను," అంది. ఆ ఖాళీ చోటు తలుచుకుంటే తల్లికి అన్నం సహించలేదు. రేపు తనకేదైనా అయితే పిల్ల పెద్దయ్యాక తనని దేన్ని చూసి గుర్తుపడుతుంది? చెంచానా?

వీధి చివరి స్టూడియోలో ఉండే ఫొటోగ్రాఫర్ నిండుగా, బొద్దుగా ఉండే కుర్రవాడు. తన పని మీద తనకి మహా గురి. "నిలబెట్టి, నవ్వమని తీసే రోజులు పోయాయక్కా. ఇప్పుడంతా క్యాండిడే," అన్నాడు.

"అంటే ఏంటి తమ్ముడూ?"

"మీ మానాన మీరు పాపతో ఆడుకుంటారు, నా మానాన నేను తీసుకుంటా. నేనక్కడ లేననుకోవాలి. నేను పిలిచినా, అరిచినా, ఆఖరికి పడిపోయినా సరే, నా వైపు చూడకూడదు. చూశారో, ఫొటో పోయినట్టే."

ఆమె ఆ మాట గట్టిగా పట్టుకుంది. వారం రోజులపాటు ముందు గదిలో సాధన చేయించింది. మొగుడు నీళ్ళ సీసాని కంటికి ఆనించుకుని సోఫా వెనక నక్కేవాడు. గువ్వ అటు చూడకపోతే ఒక బిస్కెట్టు, చూస్తే బిస్కెట్టు వెనక్కి. "మావయ్య కనిపించినా లేడనుకో. ఎవరడిగినా లేడనే చెప్పు. ఫొటోలు అయిపోయేదాకా మావయ్య లేడు. సరేనా?" అని రోజుకి పదిసార్లు చెప్పేది. గురువారానికి పిల్ల ఎంత తయారైందంటే, ఆఫీసుకి వెళ్తున్న తండ్రికి టాటా కూడా చెప్పలేదు.

ఆదివారం అనుకున్న వేళకే తోటకి చేరారు. మొగుణ్ణి కారులోనే ఉండమంది, ఆయన ఎదురుగా ఉంటే సహజంగా ఉండలేనని. ఫోను కూడా ఆయనకే ఇచ్చేసింది. ఆ తర్వాత తల్లీకూతుళ్ళు సహజంగా ఉండటం మొదలుపెట్టారు. సహజంగా పది అడుగులు వేశారు, సహజంగా వెనక్కి తిరిగారు, సహజంగా బెంచీ మీద కూర్చుని చెట్టుకేసి చూశారు. పొదల వెనకనుంచి అరగంట తీసి, ఫొటోగ్రాఫర్ కెమెరాలో చూసుకున్నాడు. తీర్పు కోసం ఎదురుచూస్తున్న ఇద్దరు ముద్దాయిలు కనిపించారు.

పైనుంచి తీస్తే నయమేమో అనుకున్నాడు. తోట మధ్యలో ఉన్న కొలనుకి కాస్త దూరంలో తోటపని సామాన్ల గది ఉంది. దాని గోడకి ఒక నిచ్చెన ఆనించి ఉంది. సంచీ, ఫోనూ కిందే పెట్టి, కెమెరా మెడలో వేసుకుని, ఆయాసపడుతూ గది కప్పు మీదికెక్కాడు. రెండు నిమిషాలకి తోటమాలి చెవుల్లో పాటలు పెట్టుకుని వచ్చి, తన నిచ్చెన తాను భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

"ఓ పెద్దాయనా! నిచ్చెన!" అని అరిచాడు పైవాడు. పెద్దాయన తలూపుతూ పాటతోపాటు సాగిపోయాడు.

"అక్కా! ఓ అక్కా!"

తల్లికి వీపు వెనకనుంచి ఎక్కడో పిలుపు వినిపించింది. మెడ తిరగబోతే పళ్ళు బిగించి ఆపుకుంది. "చూడకు గువ్వా, మనకి పరీక్ష పెడుతున్నాడు," అంది పెదవులు కదపకుండా.

"అక్కా, ఎవరైనా రండక్కా!"

"ఎంత శ్రద్ధో చూడు పని మీద," అని మెచ్చుకుని, పిల్లని తీసుకుని కొలను అవతలి ఒడ్డుకి నడిచింది. గువ్వ మాత్రం ఒక్కసారి తలెత్తింది. కప్పు అంచున రెండు చేతులూ ఊపుతున్న మావయ్య నిలువెత్తునా కనిపించాడు. గువ్వ వెంటనే మబ్బులు చూస్తున్నట్టు మొహం పెట్టి, బిస్కెట్టు కోసం చెయ్యి చాచింది.

అంతలో కొలను మధ్య ఫౌంటెన్ వదిలారు. ఆ హోరులో పిలుపులు కలిసిపోయాయి. గాలికి ఫొటోగ్రాఫర్ టోపీ ఎగిరి వచ్చి కొలనులో పడింది.

ఎనిమిది అయ్యాక, ఇక చూడొచ్చు కదా అని తల్లి చుట్టూ చూసింది. మనిషి లేడు. పొదల్లో లేడు, బెంచీల దగ్గర లేడు. నీళ్ళ మీద టోపీ ఉంది.

ఆమె మెదడు క్షణంలో లెక్క కట్టేసింది. పిలిచాడు, రండి రండి అన్నాడు, తను వెనక్కి తిరిగి కూడా చూడలేదు. సంచిలోంచి ఈల తీసి ఊదింది. తోటంతా కదిలింది.

వాచ్‌మన్ పరుగున వచ్చాడు. "ఏమైందమ్మా?"

"మనిషి మునిగిపోయాడు! ఫొటోలు తీసే అబ్బాయి!"

"ఇందులోనా? నడుం లోతు కూడా లేదు కదమ్మా."

"బోర్లా పడితే నడుం లోతెందుకయ్యా, చెంబెడు నీళ్ళు చాలు!"

వాచ్‌మన్ గువ్వ ముందు వంగాడు. "పాపా, కెమెరా మావయ్యని చూశావా?"

"మావయ్య లేడు," అంది గువ్వ స్థిరంగా.

"ఎటు వెళ్ళాడు?"

"లేడు. అసలు లేడు."

పసిపిల్ల నోట ఆ మాట విని వాకింగుకి వచ్చి చుట్టూ చేరిన ఇరవైమందీ టోపీలు తీశారు. కారులోంచి మొగుడు పరిగెత్తుకొచ్చాడు. అప్పటికే ఆమె ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుంటోంది.

"నువ్వాగవే, నేను దిగుతా!"

"మీకు ఈత రాదు!"

"నీకు వచ్చా?"

"రాదు. కానీ నాకు భయముంది, జాగ్రత్తగా దిగుతా. మీకు అదీ లేదు. పిల్లని పట్టుకోండి!"

ఆమె దిగింది. తోటమాలికి కబురందింది. ఆయన చెవుల్లోంచి పాటలు పీకేసి, నిచ్చెన తెచ్చి, పట్టుకోవడానికి ఉంటుందని కొలనుకి అడ్డంగా పరిచాడు. గది కప్పు మీద ఒకడు ఆ నిచ్చెనని కళ్ళారా చూసి, గొంతు పోయేలా అరిచాడు. ఫౌంటెన్ ఆగలేదు. ఇరవైమందీ కిందికే చూస్తున్నారు. మునిగినవాణ్ణి పైన ఎవరు వెతుకుతారు? అరిచి అరిచి అతను కూలబడ్డాడు. చేతిలో కెమెరా ఉంది, ఎదురుగా మంచి వెలుతురుంది, చేయడానికి వేరే పని లేదు.

ఇంతలో గువ్వ, తండ్రి చెయ్యి విదిలించుకుని, గౌనుతో సహా కొలనులో దూకింది.

తల్లి కెవ్వుమని అటు దూకబోయి, పాచి మీద కాలుజారి, నీళ్ళలో చతికిలబడింది. నాలుగేళ్ళుగా ఆమె ఏ దృశ్యానికి భయపడి పిల్లని బకెట్టు దగ్గరికి కూడా పోనివ్వలేదో, అది కళ్ళముందు జరిగిపోయింది. గువ్వ పొట్టదాకా నీళ్ళలో నిలబడి, కూర్చున్న తల్లి తలమీద ఉన్న నాచుని చూసి, విరగబడి నవ్వుతోంది. రెండు చేతులతో నీళ్ళు తీసి అమ్మ మొహాన కొట్టింది. తిట్టడానికని తల్లి నోరు తెరిచింది. నవ్వొచ్చింది. ఆపుకోబోతే ఇంకా వచ్చింది. పిల్లని లాక్కుని గుండెకి హత్తుకుని, తల వెనక్కి వాల్చి నవ్వింది.

మరుక్షణం పోయినవాడు గుర్తొచ్చి గొల్లుమంది. "పాపం గువ్వా, ఇంక ఫొటోలు లేవే! అన్నీ అయిపోయాయే తల్లీ!"

"అయిపోయాయా?" అంది గువ్వ. "అయితే ఇప్పుడు మావయ్య ఉన్నాడా?"

తల్లి ఏడుపు మధ్యలో ఆగింది. "ఉంటే?"

"ఉంటే అదిగో."

గువ్వ వేలు చూపించిన వైపు అందరూ తలలెత్తారు. కప్పు మీదనుంచి ఒక బొద్దు మనిషి ఒక చెయ్యి ఊపుతూ, రెండో చేత్తో క్లిక్కు నొక్కుతున్నాడు.

నిచ్చెన కొలను దాటి గోడకి చేరింది. "అంతలా పిలిస్తే ఒక్కసారైనా చూడరేంటక్కా!" అన్నాడతను దిగుతూనే, పోయిన గొంతుతో.

"చచ్చినా చూడొద్దన్నావు కదయ్యా! నువ్వు బతికున్నావు, అది చాల్లే," అని ఆమె అతని మోచేతికి దెబ్బల మందు రాసింది. దెబ్బేమీ లేదు. కానీ మందు తెచ్చింది కదా.

గువ్వకి పొడి బట్టలు తొడిగాక, కెమెరా వెనక తెరమీద ఆ ఫొటో చూపించాడు. పైనుంచి తీసింది. చుట్టూ మెరిసే నీళ్ళు, మధ్యలో నాచు పట్టిన జుట్టుతో నవ్వుతున్న ఒకావిడ, ఆమె గడ్డం కింద తలదూర్చి నవ్వుతున్న ఒక పిల్ల. తల్లి తెరమీదికి వంగింది.

"ఇది నేనేనా?" అంది.

"ఇంకెవరు?" అన్నాడు మొగుడు.

"బడికి ఇది బాగోదు తమ్ముడూ. బెంచీ మీద కూర్చున్నది ఇవ్వు."

"నాకిదే కావాలి," అంది గువ్వ. ఆ మాట మీద అప్పీలు లేదు.

సోమవారం ఖాళీ చోటు నిండింది. పిల్లలు ఆ అట్ట ముందు గుంపుగా చేరి, "మీ అమ్మ నీళ్ళలో కూర్చుంటుందా? మా అమ్మ గట్టు మీదే ఉంటుంది," అని అసూయపడ్డారట. సాయంత్రం బడి గేటు దగ్గర ఆ మాట విని గువ్వ తల్లి తల కొంచెం ఎత్తి నడిచింది. ఇంటికెళ్ళాక పిల్లకి జ్వరం ఉందేమోనని నాలుగుసార్లు చూసింది. లేదు.

ఆ ఫొటో స్టూడియో అద్దాల్లో ఇప్పుడు నిలువెత్తున ఉంది. ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే, ఆ ఒక్క క్షణం కోసం తాను కప్పు మీద కదలకుండా గంటసేపు కాచుక్కూర్చున్నానని ఫొటోగ్రాఫర్ వినయంగా చెబుతాడు.