సీనియారిటీ లేని ఆకలి

అన్నం మానేసిన నలభయ్యో రోజున, మూడు కోడిగుడ్లూ ఒక చిలగడదుంపా తిని ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తి వచ్చిన పేరిందేవి నిరాహారదీక్షలో ఉన్నట్టు ప్రభుత్వం గుర్తించింది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. కోటిలంకలో తినడమంటే అన్నం తినడమే, మిగతాదంతా నంచుకోడానికే. ప్రైవేటు బడిలో ఆటల టీచరైన పేరిందేవి యాభై రెండేళ్ల వయసులో పేలియో డైట్ మొదలుపెట్టింది. అంటే రాతియుగం మనుషుల్లా మాంసం, చేపలు, గుడ్లు, దుంపలు, కాయలు. వరి, పప్పు, పాలు, పంచదార బంద్. పరుగు పెరిగింది, ఒళ్లు తేలికపడింది. కానీ ఆమె రేషన్ బియ్యం తీసుకోవడం లేదని రేషన్ షాపులోని వేలిముద్రల యంత్రం పసిగట్టింది. వెంటనే తహసీల్దారు ఆఫీసు ముందు ఆమె పేరున టెంటు వేసి, దిండు ఇచ్చి, రోజూ బులెటిన్ అంటించడం మొదలుపెట్టారు.

ఆమె బాధల్లా ఒకటే. ఆదివారం జిల్లా వెటరన్స్ పరుగు పందెం. దీక్షలో ఉన్నవాళ్లు పరుగెత్తడానికి నిబంధనలు ఒప్పుకోవు.

గురువారం తహసీల్దారు సుబ్బారాయుడు నిమ్మరసం గ్లాసుతో వచ్చాడు.

"మీ డిమాండేంటండి?"

"నేను తింటున్నానని రాయండి."

"అదొక్కటీ కుదరదండి. ఇంకేదైనా అడగండి, పరిశీలిస్తాం. లేదంటే ఒక్క ముద్ద తినండి, ఫొటో తీసుకుని వెళ్లిపోతాం."

"చస్తే తినను. నా కడుపు, నా ఇష్టం. ఆ రసంలో పంచదార కూడా ఉంది, తీసుకెళ్లండి."

పక్కనే చెట్టు కింద, చెత్త ఎత్తే నూకాలమ్మ చేతులకు గ్లౌజులు ఇమ్మని పదకొండు రోజులుగా మంచినీళ్లతోనే ఉంది. ఆమెకి టెంటూ లేదు, నిమ్మరసమూ లేదు. ఈ నెల ఆమె వేలిముద్ర మీద బియ్యం వెళ్లాయి కనక రికార్డు ప్రకారం ఆమె రెండు పూటలా భోంచేస్తోంది.

పేరిందేవికి ఒళ్లు మండింది. "అయితే నా దీక్ష ఆవిడ పేర రాయండి. ఆవిడ అన్నం నా పేర రాయండి."

తహసీల్దారు ముఖం విప్పారింది. బదిలీకి ఫారం ఉంది.

"అలాగేనండి. కానీ కోరి చేయించుకున్న బదిలీకి సీనియారిటీ రాదండి. ఆవిడకి ఇయ్యాలే మొదటి రోజు."

నూకాలమ్మ మోచేతి మీద కాస్త లేచింది. "రాసుకోండి బాబూ. ఒకట్నుంచే మొదలెడతాను. ఆకలికేం, పాతదే కదా!"

ఆదివారం పేరిందేవి పరుగెత్తి మొదటి స్థానంలో వచ్చింది. రెండు పూటలా అన్నం తినడమే ఆమె విజయ రహస్యమని మైకులో చదివారు. ఆమె పతకం జేబులో వేసుకుని, బడి నుంచి తెచ్చిన సుద్దముక్కతో తిన్నగా టెంటు దగ్గరికి వెళ్లింది. బోర్డు మీద "నూకాలమ్మ, 4వ రోజు, ఆరోగ్యం భేష్" అని ఉంది. నాలుగు ముందు ఒకటి పెట్టింది.

సోమవారం అటెండరు అది చెరిపి 5 వేశాడు. పేరిందేవి ఆ 5 ముందు మళ్లీ ఒకటి పెట్టి, నూకాలమ్మ పక్కన చాప మీద కూర్చుంది. చెరపడం అతని డ్యూటీ కనక అతన్నేమీ అనలేదు. గ్లౌజుల సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.